పాత చర్చి గోడకు సిమెంటు పూయకండి

నమస్కారం. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత చర్చి గోడ పెచ్చులూడితే వెంటనే రెండు సలహాలు వస్తాయి. ఒకటి పడగొట్టి కొత్తది కట్టడం, రెండోది సిమెంటు పూసి టైల్స్ వేయడం. నన్ను ఎక్కువగా బాధపెట్టేది రెండోదే. అది ప్రేమతో చేసే నష్టం కాబట్టి ఎవరూ అడ్డుకోరు.

పాత గోడలు ఎక్కువగా డంగు సున్నంతో, అంటే గానుగలో రుబ్బిన సున్నంతో కట్టినవి. నేల నుంచి ఎక్కిన చెమ్మను సున్నం మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూయడమంటే తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో మూటకట్టడమే. బట్ట ముక్కిపోతుంది. గోడలోనైతే ఉప్పు పేరుకుని ఇటుక పొడిపొడి అవుతుంది. పూత ఊడితే మళ్లీ సిమెంటే పూస్తారు, అంటే చినిగిన సంచిమీద ఇంకో సంచి తొడుగుతారు. ఆపైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే సంచి మూతి కూడా బిగించినట్టే.

ఇంతకీ ఆ గోడలో కాపాడుకోవలసినది ఏముంది? మెదక్ చర్చినే తీసుకోండి. బ్రిటన్‌కు చెందిన వెస్లియన్ మెథడిస్టు (ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ) మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కరవు రోజుల్లో పనికి తిండి పెట్టి కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అందరూ రంగు అద్దాల కిటికీల గురించే చెబుతారు. అవి అందమైనవే. నాకు మాత్రం ఆకలితో వచ్చి రాళ్లు మోసినవాళ్ల చేతిపనే అన్నిటికన్నా విలువైనది. ఊళ్లలోని చిన్న చర్చిల్లోనూ మన మేస్త్రీల పనితనమే కనిపిస్తుంది. పాత పూతను గీకి పారేస్తే ఆ సాక్ష్యం పోతుంది.

"మెదక్‌ది సీఎస్ఐ చర్చి కదా, మెథడిస్టు అంటారేమిటి?" అని చాలామంది అడుగుతారు. 1947లో వెస్లియన్ మెథడిస్టులు దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సీఎస్ఐలో కలిశారు. అమెరికన్ మెథడిస్టుల సంఘాలు చేరలేదు. అందుకే మెథడిస్టు అన్న పేరు వాళ్లకే మిగిలింది.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడానికి కనీసం 100 ఏళ్లుండాలి. రాష్ట్రానికి 2017 నాటి వారసత్వ చట్టం ఉంది. రక్షిత కట్టడాల ఏ జాబితాలోనూ లేనంత మాత్రాన మీ చర్చికి విలువ లేదని కాదు. మరమ్మతుకు ముందు ప్రతి గోడనూ ఫోటో తీయండి. బాప్తిస్మపు, పెళ్లి రిజిస్టర్లు తడవని చోట పెట్టండి. సున్నం పని తెలిసిన మేస్త్రీని వెతకండి. ఆయన వచ్చేలోపు పైకప్పు నుంచి పడే నీళ్లు పునాదిలోకి దిగకుండా కాలువ తీయించండి.