ఒకే ఐడీ, పదిమంది చేతులు

ప్రిన్సిపాల్ గారికి, సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురుగానీ, ముందు నన్ను మాట్లాడనీయండి.

అనంతపురం పిల్లలు చదువు కాగానే బెంగళూరు బస్సెక్కుతారు. అక్కడ మీలో కొందరి చేతికొచ్చేది ఎప్పుడో ఎవరో రాసి వదిలేసిన స్క్రిప్టు, అంటే కమాండ్లు వరుసగా రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాం. చెప్పిన టైముకు పనిని దానంతటదే నడిపే క్రాన్ పెట్టి రోజూ అర్ధరాత్రి ఫైళ్లు పంపిస్తుంటారు. తెరిచి చూస్తే యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ బట్టబయలుగా ఉంటాయి.

నాకిచ్చిన అంశం ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీల తేడా. రెండూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు పంపే పద్ధతులే. 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 959 అనే ఇంటర్నెట్ ప్రమాణం ప్రకారం నడిచే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టే నెట్‌వర్క్ మీద పంపేస్తుంది. అలా పోయే పాస్‌వర్డ్‌లను ఫిన్లాండ్‌లోని హెల్సింకీ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో ఎవరో కాజేస్తే, అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు, అది నెట్‌వర్క్ మీద పోయేదాన్నంతా ఎవరూ చదవలేని గుప్త సంకేతాలుగా మార్చి పంపుతుంది. ఎస్‌ఎఫ్‌టీపీ నడిచేది దాని మీదే. సరే, దారి భద్రమైంది, మరి స్క్రిప్టులో రాసిపెట్టిన పాస్‌వర్డ్ సంగతి?

కళ్యాణదుర్గం వైపు పిల్లోడొకడు నాతో పనిచేసేవాడు, నైట్ షిఫ్ట్. ఒక రాత్రి ఫైళ్లు బయటికి పోయాయి. ఆ ఫైళ్లు పంపే లాగిన్ ఐడీ టీమంతా వాడేది, మానేసి పోయినవాళ్లకూ పాస్‌వర్డ్ తెలుసు, ఎవరు లాగినయ్యారో రాసుకునే లాగ్‌లో చూస్తే ఒకటే పేరు. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి వాడే దొంగన్నారు. ఊరందరికీ ఒకే తాళంచెవి పంచి, వాకిట్లో పడుకున్నోణ్ణి పట్టుకున్నట్టు! నేను ఎంత వాదించినా వినలేదు, ఉద్యోగం తీసేశారు. వాడు చేయలేదని చూపడానికి ఒక్క ఆధారం లేదు, చేశాడని చూపడానికీ లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వెనక బెంచీ తమ్ముళ్లూ, ఫోన్లు పక్కన పెట్టండి, ఇది మీకోసమే. ప్రతి స్క్రిప్టుకూ వేరే అకౌంట్ అడగండి, ఇవ్వకపోతే మెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టండి, అది తాళంచెవిలా పనిచేసే ఫైలు. మనిషి లేకుండా నడవాలి కాబట్టి ఆ కీకి పాస్‌ఫ్రేజ్, అంటే కీ వాడేటప్పుడు టైప్ చేయాల్సిన రహస్య పదం, పెట్టరు, అందుకే అది ఏ ఐపీ నుంచి పనిచేయాలో, ఏ ఫోల్డర్ దాటకూడదో సర్వర్ వైపే కట్టడి చేయాలి. కీ ఫైలుకు పర్మిషన్ 600, అంటే ఓనరు తప్ప ఇంకెవరూ చదవలేరు, రాయలేరు. అందరూ చదివేలా ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని తీసుకోనే తీసుకోదు.

అవతలివాళ్లు పాస్‌వర్డే కావాలంటే స్క్రిప్టు బయట వేరే ఫైల్లో, అదే 600తో పెట్టండి. కమాండ్ లైన్‌లో మాత్రం ఇవ్వొద్దు, అదే మెషీన్‌లో ఇంకొకరు, నడుస్తున్న ప్రోగ్రాములన్నీ చూపించే పీఎస్ కమాండ్ కొడితే కనబడే ప్రమాదం ఉంది. కోడ్‌లో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌లో పడిందా, లైను చెరిపేసినా పాత కమిట్లలో, అంటే ముందు దాచిన కాపీల్లో, ఉంటుంది, పాస్‌వర్డే మార్చేయాలి.

స్టేజీ దిగగానే మీ ల్యాబ్‌కే వస్తాను. బ్యాకప్ స్క్రిప్టు చూసుకునే సార్ ఒక్కరే నాతో కూర్చోండి, ప్రొజెక్టర్ మాత్రం ఆపేయండి.