ఇవాళ దొడ్డికెళ్ళే సంగతి చెప్తానమ్మా

సర్పంచ్ గారికి, సూపర్‌వైజర్ గారికి, ఎండన పడి వచ్చిన తల్లులందరికీ నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. దండలు చాలండి. రిటైరవుతూ పోషకాహారం మీద రెండు ముక్కలు చెప్పమన్నారు. 29 ఏళ్ళు అంగన్‌వాడీలో అదే చెప్పాను. ఇవాళ పిల్లలు దొడ్డికెళ్ళే సంగతి చెప్తాను. నవ్వకండమ్మా, అదీ తిండి తాలూకుదే.

మా మనవడికి రెండున్నరేళ్ళు. సంక్రాంతికి అమ్మాయి హైదరాబాద్ నుంచి తీసుకొచ్చింది. డైపరుంటే స్కూల్లో చేర్చుకోరట, దానికదో టెన్షన్. పాట పాడే పాటీ, అదే పిల్లలు దొడ్డికి కూర్చునే చిన్న కుర్చీ, కొన్నారు. వాడు దాన్ని రావులపాలెం బస్సు చేసి తోలుతున్నాడు గానీ కూర్చోడు. వస్తోందనగానే మంచం వెనక్కి పోయి, కోడు పట్టుకుని, మునివేళ్ళ మీద లేచి కాళ్ళు బిగించేస్తాడు. మొహం కందగడ్డ. ముక్కుతున్నాడనుకుని ఎత్తుకెళ్ళి కూర్చోబెడితే ఒకటే కేకలు. మూడోనాడు నాకు ఒళ్ళు మండి ఒక్కటిచ్చాను. పిల్లల్ని కొట్టొద్దని ఊరందరికీ చెప్పినదాన్నండీ నేను!

మర్నాడు వచ్చింది, రాయిలా, కాస్త నెత్తురుతో. వాడు ముక్కడం లేదమ్మా, ఆపుకుంటున్నాడు! ఒకసారి నొప్పెడితే భయపడి బిగబడతారు. బిగబట్టేకొద్దీ లోపల నీరింకిపోయి ఇంకా గట్టిపడుతుంది. నేను కొట్టింది ఆ భయాన్ని.

డాక్టరు గారు మెత్తబడే మందు రాశారు. అన్నం తినట్లేదని సీసాలకు సీసాలు పాలు పట్టేవాళ్ళం, రోజుకి అర లీటరు దాటొద్దన్నారు. బొప్పాయి, తోటకూర పప్పు, మంచినీళ్ళు. పాటీ అటకెక్కించాం. నెల పోయాక దించి, అన్నం తిన్న పావుగంటకి అయిదు నిమిషాలు కూర్చోబెట్టాం, అంతే. అప్పుడే పేగు కదిలేది. పాదాలు మాత్రం నేలకి ఆనాలి. మా అమ్మ కాళ్ళు చాపుకుని పాదాల మీద పిల్లల్ని కూర్చోబెట్టుకునేది, వాళ్ళకి ఆనిక ఉండేది. కమోడ్ మీద కాళ్ళు వేలాడితే ఏం వస్తుందండీ? కింద పీట వెయ్యండి.

వెనక కొంగులో మొహం దాచుకున్న అమ్మాయీ, నిన్నే. మీవాడికి మూడేళ్ళు నిండాయా? అత్తగారు తిడుతోందా? రేపు ఇంటికొస్తాను, ఆవిడతో నేను మాట్లాడతాను. రిటైరైతే రాకూడదా ఏంటి?

సూపర్‌వైజర్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఆయ్, అయిపోయిందండి. మొన్న మనవడు వీడియో కాల్ చేశాడు. “అమ్మమ్మా, చూడూ!” అని ఫోను తిన్నగా పాటీలోకి వంచాడు. నేనప్పుడు పెరుగన్నం తింటున్నాను.