మాలికు: నా స్నేహితుడి దీవి

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మా బాబాయ్ ఉన్నారు. విశాఖపట్నం. ముప్పయ్యేళ్లు సరుకు ఓడల్లో పనిచేసి రిటైరయ్యారు. పోయిన ఏడాది లక్షద్వీప్‌లోని మినికాయ్ వెళ్లొచ్చారు. బాబాయ్, లక్షద్వీప్ అంటే అందరూ అగత్తి, బంగారం దీవుల పేర్లు చెబుతారు. మీరు అన్నిటికంటే దక్షిణాన ఉన్న దీవికి ఎందుకు వెళ్లారు?

బాబాయ్: ఒక మనిషి కోసం రా. ఓడల్లో ఎక్కడికి పోయినా మినికాయ్ వాళ్లు తగులుతారు. అయిదు చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి అది. 2011 జనాభా లెక్కల్లో 10,447 మంది. నాతో నాలుగేళ్లు ఒకే క్యాబిన్‌లో ఉన్నవాడు అక్కడివాడే. వాడు ఎప్పుడూ మినికాయ్ అనడు, ‘మాలికు’ అంటాడు. ఇరవయ్యేళ్లుగా రమ్మంటున్నాడు. మోకాళ్లు ఇంకా మాట వింటున్నప్పుడే వెళ్లాలనిపించింది.

హోస్ట్: ప్రయాణం ఎలా?

బాబాయ్: ఎంట్రీ పర్మిట్ ముందే తీసుకోవాలి. కొచ్చి నుంచి ఓడలో సుమారు 400 కిలోమీటర్లు. మిగతా దీవులన్నీ ఉత్తరాన ఒక గుంపుగా ఉంటే, ఇది వాటికి 200 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉంటుంది. దక్షిణాన ఎనిమిది డిగ్రీల ఛానల్ దాటితే మాల్దీవులే. అందుకే మిగతా దీవుల్లోలా మలయాళపు యాస కాదు, ఇక్కడ మాట్లాడేది మహల్. మాల్దీవుల ధివేహి భాషే అది, తాన లిపిలో కుడి నుంచి ఎడమకి రాస్తారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ పడవని ‘ధోణి’ అన్నారు చూడు, ప్రాణం లేచొచ్చింది. మా అమ్మమ్మ దోనె అనేది కదా!

హోస్ట్: దీవి చూడ్డానికి ఎలా ఉంది?

బాబాయ్: 1885లో కట్టిన లైట్‌హౌస్ ఉంది. అది ఎక్కితే మొత్తం కనపడుతుంది. తూర్పు వైపు కొడవలిలా సన్నటి నేల, నిండా కొబ్బరిచెట్లు. పడమట పెద్ద మడుగు. ఆ మడుగు చుట్టూ పగడపు దిబ్బ. పెద్ద అలలన్నీ ఆ దిబ్బ మీదే విరిగిపోతాయి, లోపలి నీళ్లు చెరువులా ఉంటాయి. మన సముద్రం అలా ఉండదు. పగడం ప్రాణమున్నదే రా, దానికి తేటనీరు కావాలి, అడుగుదాకా ఎండ దిగాలి. మన తీరంలో గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు కలుస్తుంది, ఇంత పెద్ద దిబ్బలు లేవవు. అసలు ఆ దీవి మట్టి కూడా పగడమే. మనం తొక్కే తెల్లని ఇసుక చచ్చిన పగడాల పొడి. నూతి నీళ్లు కూడా ఎక్కడివో కావు. వాన నీరు ఆ ఇసుకలోకి ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. నుయ్యి తవ్వి ఆ పైనీరే తోడుకుంటారు.

హోస్ట్: ఊళ్ల గురించి చెప్పండి. ఫోన్లో మీరు ఎక్కువ చెప్పింది వాటి గురించే.

బాబాయ్: ఆ కాస్త నేలలో 11 ఊళ్లు రా. ప్రతి ఊరికీ మగపెద్ద ఉంటాడు, ‘బొడుకాక’ అంటారు. ఆడవాళ్ల తరఫున వేరే పెద్ద, ‘బొడుదాత’. మన జాలరిపేటల్లో పెద్దలున్నారు గానీ, ఆడవాళ్లకి విడిగా ఒక పెద్దదిక్కుని నేనెక్కడా చూడలేదు. ఊరందరికీ కలిపి ఒక ఇల్లు ఉంటుంది, అక్కడే కూర్చుని ఏ పనైనా అనుకుంటారు. పడవ ఒడ్డుకి లాగాలంటే ఊరంతా రావాల్సిందే. ఇక ప్రతి ఊరికీ ఒక ‘జహాధోణి’ ఉంటుంది. పొడవాటి పందెపు పడవ, రంగులు వేసి పెళ్లికూతుర్లా చూసుకుంటారు.

హోస్ట్: పెళ్లంటే గుర్తొచ్చింది, అక్కడ అందరూ ఇల్లరికమేనట కదా?

బాబాయ్: అవును. పెళ్లయ్యాక మగాడు భార్య ఇంటికి వెళ్తాడు. ఇల్లు తల్లి నుంచి కూతురికి వస్తుంది. మనదగ్గర ఇల్లరికం అల్లుడంటే ఒక చులకన ఉంటుంది, అక్కడ ఆ ఊసే లేదు. నాకది న్యాయంగా కూడా తోచింది. మగాళ్లలో చాలామంది నెలల తరబడి ఓడల్లో ఉంటారు. ఇల్లు నడిపేవాళ్ల పేరునే ఇల్లు ఉంటుంది. మా వాడి ఇంట్లో నిర్ణయాలన్నీ వాళ్ల అత్తగారివే.

హోస్ట్: వేటకి కూడా వెళ్లారా?

బాబాయ్: వెళ్లాను. నేను జాలరి కుటుంబంలో పుట్టినవాణ్ణి, అయినా అలాంటి వేట చూడలేదు. అక్కడ పట్టేది ట్యూనా, మన విశాఖలో సూర అంటాం. తెల్లారకముందే మడుగులోకి వెళ్తారు. పగడాల చుట్టూ తిరిగే వేలెడంత చేపల్ని సన్నవలతో పట్టి, పడవ అడుగున ఉన్న తొట్టిలో ప్రాణాలతో ఉంచుతారు. ఆ తొట్టిలోకి సముద్రపు నీరు వస్తూ పోతూ ఉంటుంది. తర్వాత దిబ్బ దాటి బయటికి. పక్షులు గుంపుగా ముసిరిన చోటు కనపడితే అక్కడ ఆ చిన్నచేపల్నే ఎరగా చల్లుతారు, వానలా నీళ్లు కొడతారు. సూర పిచ్చెక్కినట్టు పైకి వస్తుంది. వరుసగా నిలబడి గడకర్రలు వేస్తారు. ఆ కర్ర చివరి గాలానికి, చేప జారిపోకుండా పట్టే ముల్లు ఉండదు. లాగి భుజం మీదుగా విసిరితే చేప దానంతటదే ఊడి పడవలో పడుతుంది. గాలానికి ఒక్క చేపే. తాబేలు, సొర లాంటివి దాదాపు చావవు.

హోస్ట్: అన్ని చేపలూ ఏం చేస్తారు?

బాబాయ్: ఉప్పునీళ్లలో ఉడికించి, పొగపెట్టి, చెక్కముక్కలా గట్టిపడేదాకా ఎండబెడతారు. అదే మాస్‌మీన్. తురిమి, కొబ్బరి కోరు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి పొద్దున్నే రొట్టెలతో పెట్టారు. నేను మూడోసారి వడ్డించమని అడిగాను.

హోస్ట్: నీళ్లలోకి దిగి పగడాలు చూశారా?

బాబాయ్: చూశాను. చిలకచేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ టకటక చప్పుడు నీళ్లలో వినిపిస్తుంది. కానీ మా వాడు ఒకచోటికి తీసుకెళ్లి, ‘చిన్నప్పుడు ఎర పట్టడం మా నాన్న ఇక్కడే నేర్పాడు’ అన్నాడు. అక్కడ పగడం బూడిదరంగులో ముక్కలై పడి ఉంది. పగడం లోపల చిన్న నాచు ఉంటుంది, పగడానికి తిండి పెట్టేది ఆ నాచే. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ నాచుని వదిలేసి తెల్లబడుతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. లక్షద్వీప్‌లో 1998లో, 2010లో, 2016లో పెద్దఎత్తున అలా జరిగింది. పగడం లేకపోతే ఎరచేపకి నీడ లేదు. ఎర లేకపోతే ఆ గడకర్రల వేట లేదు. దిబ్బ అరిగిపోతే అల నేరుగా ఇళ్ల మీదకే వస్తుంది. వాడు ఇదంతా నాకు నోటితో చెప్పలేదు. నీళ్లలో నిలబడి ఆ ముక్కల్ని చూస్తూ ఉండిపోయాడు. నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్నాం, తుపాన్లు చూశాం, వాణ్ణి అలా ఎప్పుడూ చూడలేదు.

హోస్ట్: మరి ఇప్పుడు వెళ్లేవాళ్లు ఏం చేయాలి బాబాయ్?

బాబాయ్: పగడం మీద కాలు పెట్టొద్దు. చచ్చిందైనా సరే, ఒక్క ముక్క కూడా సంచిలో వేసుకోవద్దు, అది నేరం కూడా. వర్షాకాలం పోయాక వెళ్లండి. ఎవరి ఊళ్లోకి వెళ్లినా ముందు పెద్దలకి చెప్పి వెళ్లండి.

హోస్ట్: మీరు మళ్లీ వెళ్తారా?

బాబాయ్: ఈసారి మీ పిన్ని కూడా వస్తానంటోంది. ఆ బొడుదాతని కలిసి మాట్లాడాలట. భాష రాదు కదా అంటే, ‘మేం చూసుకుంటాంలే’ అంది.