ముక్కు వెనక దాక్కునే గడ్డ

అందరికీ నమస్కారం. పిల్లల్లో వచ్చే అరుదైన తల, మెడ క్యాన్సర్ల గురించి మాట్లాడమన్నారు. అన్నీ చెప్పాలంటే పూట చాలదు. ఒక్కటే ఎంచుకున్నాను: నాసోఫారింక్స్ క్యాన్సర్. ముక్కు వెనక్కి వెళ్లి గొంతులో కలిసేచోట పుడుతుంది. పిల్లల్లో అయితే ఎక్కువగా టీనేజీలో కనిపిస్తుంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో దీనికి సంబంధం ఉంది. ఆ వైరస్ మనలో దాదాపు అందరికీ ఎప్పుడో సోకిందే, దాన్ని తలచుకుని టెన్షన్ పడకండి.

ఈ పిల్లలు ఎక్కువగా మెడ మీద గడ్డతోనే వస్తారు. నొప్పి ఉండదు. అడిగితే ఒక చెవి సరిగా వినపడటం లేదంటారు, ముక్కు మూసుకుపోతోందంటారు, అప్పుడప్పుడు రక్తం కారిందంటారు. మన దగ్గర మెడలో గడ్డ అనగానే టీబీ గుర్తొస్తుంది. అందులో తప్పులేదు, చాలాసార్లు అదే. కానీ ముక్క తీసి పరీక్షించకుండా ఆరు నెలలు టీబీ మందులు మింగిస్తే, ఆ ఆరు నెలలూ క్యాన్సర్ ఖాతాలోకే పోతాయి.

"ఆపరేషన్ చేసి తీసేయొచ్చుగా డాక్టర్‌గారూ" అంటారు తల్లిదండ్రులు. పుర్రె అడుగున ఉండే గడ్డ అది, కత్తికి అందే చోటు కాదు. అదృష్టం ఏమిటంటే, కీమోకీ రేడియేషన్‌కీ బాగా లొంగుతుంది. అమెరికాలోని చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ 111 మందితో చేసిన అధ్యయనంలో ముందు సిస్‌ప్లాటిన్, ఫ్లోరోయురాసిల్ అనే కీమో మందులు మూడు విడతలు ఇచ్చారు. గడ్డ బాగా కరిగినవాళ్లకు రేడియేషన్ 71 గ్రే బదులు 61 గ్రేతో సరిపెట్టారు (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత). మొత్తం మీద ఐదేళ్లకు నూటికి సుమారు 89 మంది బతికి ఉన్నారు.

పది గ్రే ఏపాటి అంటారేమో! పదిహేనేళ్లవాడు ఇంకో అరవై ఏళ్లు ఆ నోటితోనే అన్నం తినాలి. లాలాజల గ్రంథులు దెబ్బతింటే ముద్ద నోట్లో తిరగదు, నీళ్లు తాగితే గానీ గొంతు దిగదు. పళ్లు పుచ్చుతాయి, దవడ బిగుస్తుంది. థైరాయిడ్ మందగించవచ్చు, అందుకే ఏటా రక్తపరీక్ష. సిస్‌ప్లాటిన్ వల్ల వినికిడి తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి చెవి పరీక్షలు కూడా తప్పవు.

రేడియేషన్‌కు ముందే పళ్ల డాక్టర్ దగ్గరికి పంపితే కొందరికి కోపం వస్తుంది: "క్యాన్సరొస్తే పళ్లేమిటండీ?" పుచ్చిన పన్ను అప్పుడే తీయించాలి. రేడియేషన్ పడ్డ దవడలోంచి తర్వాత పీకితే ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. వైద్యం అయిపోయిందని ఫైలు అటకెక్కించకండి. ఎక్కడ ఎన్ని గ్రే పడిందో రాసిన ఆ కాగితం, ఇరవై ఏళ్లకు ఏ ఊళ్లోనో మీవాడి పన్ను పీకబోయే డాక్టర్‌కు కావాలి.