వైబ్రాఫోన్, గిటార్: నాదాన్ని ఎవరు, ఎప్పుడు ఆపాలి

అందరికీ నమస్కారం.

జాజ్‌లో ఇద్దరే కూర్చుని వాయించే కచేరీ అంటే చాలామందికి పియానో, బేస్ గుర్తొస్తాయి. లేదంటే పియానో, శాక్సఫోన్. వైబ్రాఫోన్ (వరసగా పేర్చిన లోహపు బార్లని మ్యాలెట్లతో, అంటే ఉండ తల ఉన్న పుల్లలతో, కొట్టే వాద్యం), గిటార్ జంట అరుదు. అందుకు కారణం లేకపోలేదు. కాగితం మీద చూస్తే ఇవి జత కట్టాల్సిన వాద్యాలే కావు. ఒకటి కొడితే పలుకుతుంది, ఇంకోటి మీటితే పలుకుతుంది. పుట్టిన క్షణం నుంచే రెండింటి నాదమూ తగ్గిపోతూ ఉంటుంది. వేణువు లాగానో వయొలిన్ లాగానో స్వరాన్ని నిలబెట్టి పెంచే వీలు రెండింటికీ లేదు. పైగా రెండూ ఇంచుమించు ఒకే స్థాయిలో పలుకుతాయి, రెండూ కార్డ్‌లు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుత్తులు, వాయించగలవు. అంటే ఒకరి పని ఇంకొకరు చేసేస్తూ ఒకరి కాలు ఒకరు తొక్కుకోవడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి.

అయినా బాగా కుదిరిన జంటని వింటుంటే, కనిపించని మూడో వాద్యం ఏదో పలుకుతున్నట్టు ఉంటుంది. దీన్ని "మనసులు కలిశాయి" అనేసి వదిలేయడం మనకి అలవాటు. మనసులు కలిస్తే మంచిదే. అయితే ముందు కలవాల్సింది వైబ్రాఫోన్ వాయించే మనిషి కుడి పాదం, గిటార్ వాయించే మనిషి ఎడమ చేతి వేళ్ళు. ఈ జంటలో పనంతా నాదాన్ని ఆపడంలో ఉంది. ఈ రోజు చెప్పదలచుకున్నది అదే.

ముందు వాద్యం. మామూలు వైబ్రాఫోన్‌కి 37 అల్యూమినియం బార్లు. ఎఫ్3 నుంచి ఎఫ్6 దాకా (అక్షరం స్వరం పేరు, అంకె దాని స్థాయి) సరిగ్గా మూడు స్థాయిలు. ప్రతి బార్‌నీ రెండు చివరల నుంచి సుమారు 22 శాతం దూరంలో తొలిచి, ఆ రంధ్రాల గుండా తాడు పోనిచ్చి వేలాడదీస్తారు. బార్ కంపించేటప్పుడు కదలని చోట్లు ఆ రెండే కనుక నాదం చావదు. కింద ఒక్కో బార్‌కి ఒక్కో అనునాద గొట్టం, అడుగు మూసి ఉంటుంది. ఎఫ్3 కింద గొట్టం పొడవు దాదాపు 49 సెంటీమీటర్లు, ఎఫ్6 కింద 6 సెంటీమీటర్లు. ప్రేక్షకుల వైపు అందంగా విల్లులా వంగి కనిపించే గొట్టాల వరసని నమ్మకండి, చాలావాటిలో మూత మధ్యలోనే ఉంటుంది. మిగతాది అలంకారం.

బార్ల కింద పొడుగునా ఒక ఫెల్ట్ దిమ్మ ఉంటుంది. పెడల్ తొక్కితే దిమ్మ కిందికి దిగి బార్లు మోగుతాయి, వదిలితే పైకి వచ్చి అన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది. "అన్నిటినీ ఒకేసారి" అన్న మాట గుర్తుంచుకోండి, చిక్కంతా అక్కడే. ఒక్క బార్‌నే ఆపాలంటే పెడల్ పనికిరాదు, మ్యాలెట్ తలతో ఆ బార్‌ని అదమాలి.

ఇక ఈ రెండు నాదాలు ఎందుకు కలుస్తాయి? అల్యూమినియం బార్‌ని అడుగున మధ్యలో పల్చగా చెక్కుతారు. మొదటి అతిస్వరం (అసలు స్వరంతోపాటు సన్నగా పలికే పై స్వరం) అసలు స్వరానికి సరిగ్గా నాలుగు రెట్లు, అంటే రెండు స్థాయిలు పైన పడేలా ఆ చెక్కడం ఉంటుంది. ఎఫ్3 బార్ కొడితే 175 హెర్ట్జ్ వినిపిస్తుంది, ఆ తర్వాత 698. ఈ రెంటి మధ్య ఖాళీ. అదే ఎఫ్3ని గిటార్ నాలుగో తీగ మూడో ఫ్రెట్‌లో (గిటార్ మెడ మీది గడి) నొక్కి మీటితే 175, 349, 524, 698, ఇలా వరసంతా ఉంటుంది. బార్‌లోని ఖాళీని తీగ నింపుతుంది, రెండు చివరలా రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ఇద్దరూ ఒకే వరసని కలిసి వాయిస్తే అది గిటార్‌లానూ ఉండదు, వైబ్రాఫోన్‌లానూ ఉండదు. పియానిస్టు జార్జ్ షియరింగ్ 1949లో తన అయిదుగురి బృందానికి పేరు తెచ్చిన ధ్వనిని ఈ సూత్రం మీదే కట్టాడు. పై వరస మార్జరీ హయమ్స్ వైబ్రాఫోన్‌ది, అదే వరస ఒక స్థాయి కింద చక్ వేన్ గిటార్‌ది, మధ్యలో షియరింగ్ పియానో.

కలిసి వాయించడంలో మొదట బయటపడే లోపం శ్రుతి. వైబ్రాఫోన్లు చాలావరకు ఎ = 442 హెర్ట్జ్‌కి తయారవుతాయి. బార్‌ని కచేరీ ముందు సరిచేసుకోలేం, కాబట్టి గిటారే సర్దుకోవాలి. ట్యూనర్‌ని 440 దగ్గరే వదిలేసి వచ్చిన గిటారిస్టు విడిగా వాయించినంతసేపూ ఎవరికీ తేడా తెలియదు. ఇద్దరూ కలిసి ఎ4 మీద నిలిచేసరికి సెకనుకి రెండు విస్పందనాలు (నాదం పెరిగి తగ్గే అలలు), ఎ5 మీద నాలుగు. వైబ్రాఫోన్ మోటార్ ఆన్‌లో ఉందేమో అనుకుని అందరూ అటు చూస్తారు. ఇంకో సంగతి, తీగని గట్టిగా మీటితే మొదటి క్షణంలో శ్రుతి కాస్త పైకి పోతుంది. బార్‌కి ఆ గుణం లేదు, గమకమూ లేదు. అందుకని కలిసి వాయించే వరసల్లో గిటారిస్టు తీగ లాగడం, ఊపడం మానుకుని మెత్తగా మీటాలి. గమకం వేయాలనిపిస్తే బార్ మోత అయిపోయాక వేసుకోవచ్చు.

మోటార్ అన్నాను కదా. గొట్టాల నోళ్ళ దగ్గర చిన్న రేకులు తిరుగుతూ మూస్తూ తెరుస్తూ ఉంటే నాదం అలలు అలలుగా వస్తుంది. పాత సినిమా పాటల్లో కలల దృశ్యం అనగానే వినిపించే ధ్వని ఇదే. రేకు ఒక చుట్టు తిరిగితే గొట్టం రెండుసార్లు తెరుచుకుంటుంది. నిమిషానికి 60 చుట్లయితే సెకనుకి రెండు అలలు. పాట లయ దానికి దగ్గరగా ఉండి, సరిగ్గా కలవకపోతే వినేవాళ్ళకి తాళం తప్పుతున్నట్టు ఉంటుంది. డ్రమ్స్ ఉన్న బృందంలో ఇది చెల్లుతుంది, ఇద్దరి కచేరీలో చెల్లదు. మోటార్ ఆపేయడమే మేలు. ఆపాక రేకులు ఎక్కడ ఆగాయో చూడండి. అడ్డంగా ఆగితే గొట్టాలు మూసుకుపోయి వాద్యం గొంతు పూడినట్టు ఉంటుంది. చేత్తో తిప్పి నిలువుగా నిలపాలి. కచేరీకి ముందు అర నిమిషం పని, మర్చిపోయేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. జాజ్‌లో అడుగడుగునా వచ్చే మూడు కార్డ్‌ల నడక తీసుకుందాం: డి మైనర్ 7, జి 7, సి మేజర్ 7. గిటార్ ఆరు తీగలు, వైబ్రాఫోన్ నాలుగు మ్యాలెట్లు, మొత్తం పది స్వరాలు. అన్నీ వాయిస్తే పప్పులో కూర, కూరలో పులుసు కలిపినట్టే. అందుకే గిటార్ రెండే స్వరాలు పట్టుకోవాలి, కార్డ్ మూలస్వరం నుంచి లెక్కిస్తే దాని గుణం తెలిపే మూడోదీ ఏడోదీ. డి మైనర్‌కి నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీద ఎఫ్, మూడో తీగ అయిదో ఫ్రెట్ మీద సి. జి 7 రాగానే ఎఫ్ కదలదు, సి ఒక ఫ్రెట్ దిగి బి అవుతుంది. సి మేజర్ రాగానే బి కదలదు, ఎఫ్ ఒక ఫ్రెట్ దిగి ఇ అవుతుంది. ప్రతి మలుపులోనూ కదిలేది ఒక్క వేలు.

వైబ్రాఫోన్ పైన ఎ4, ఇ5 అన్న రెండు స్వరాలు కొట్టి పెడల్ తొక్కి ఉంచితే చాలు. డి మైనర్ మీద అవి అయిదోది, తొమ్మిదోది. అదే జంట జి 7 మీద తొమ్మిదోది, పదమూడోది. సి మీద ఆరోది, మూడోది. పైన రెండు బార్లు మోగుతూనే ఉన్నాయి, పాదం కదలలేదు, కింద గిటార్ ఒక్కో ఫ్రెట్ దిగుతుంటే వాటి అర్థం మారిపోతోంది. పైన చెప్పిన మూడో వాద్యం పుట్టే చోట్లలో ఇదొకటి.

ఇందులోనే తప్పు ఎలా జరుగుతుందో చూడండి. డి మైనర్ మీద వైబ్రాఫోన్ వరసలో సి5 వచ్చింది, పెడల్ కిందే ఉంది. గిటార్ జి 7కి వెళ్ళి బి3 మీటింది. కింద బి, పైన ఇంకా మోగుతున్న సి. చెవికి గుచ్చుకునే దూరం అది. పెడల్ వదిలితే సి ఆగుతుంది కానీ దానితోపాటు ఎ, ఇ కూడా ఆగిపోతాయి, పైన ఒక్కసారిగా బోసిపోతుంది. కనుక పెడల్ అలాగే ఉంచి, ఒక మ్యాలెట్‌తో బి4 కొడుతూ ఇంకో మ్యాలెట్ తలని సి5 మీద అదమాలి. రెండూ పక్కపక్క బార్లే. అదిమేటప్పుడు టక్కుమని చప్పుడు రాకూడదు, తలని బార్ మీద ఆనించాలే తప్ప వేయకూడదు. నేర్చుకునేవాళ్ళకి నెలలు పట్టే పని ఇది. గిటార్ వైపు నుంచీ సాయం ఉంది. సి మేజర్ మీద వైబ్రాఫోన్ వరస సి మీద నిలుస్తుందని తెలిస్తే, గిటార్ ఏడోదైన బి వదిలి, మూడో తీగ రెండో ఫ్రెట్‌లో ఎ పట్టుకుంటే గొడవే ఉండదు.

ఇంకో తప్పు కాలానికి సంబంధించింది. గిటారిస్టులకి కార్డ్‌ని అర అక్షరం ముందే నెట్టే అలవాటు ఉంటుంది. నాలుగో దెబ్బ తర్వాత సగంలో కొత్త కార్డ్ వచ్చేస్తుంది. వైబ్రాఫోన్ పాదం మాత్రం ఒకటో దెబ్బ దగ్గర లేస్తుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో ఆ తేడా పావు సెకను. ఆ పావు సెకను పాత కార్డ్ పైన, కొత్త కార్డ్ కింద. ఒకసారి జరిగితే ఎవరూ పట్టించుకోరు. ప్రతి ఆవర్తంలోనూ జరిగితే "ఏదో మసకగా ఉంది" అంటారు, కారణం చెప్పలేరు, సౌండ్ ఇంజినీర్‌ని తప్పుపడతారు. ముందు నెట్టే చోట్లు ఇద్దరూ కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి, పాదం కూడా ముందే లేవాలి.

బేస్ లేని లోటు సంగతి. గిటార్ అడుగు తీగ 82 హెర్ట్జ్, వైబ్రాఫోన్ అడుగు బార్ 175. మధ్యలో ఇ2 నుంచి ఇ3 దాకా పదమూడు స్వరాలు గిటార్‌కి మాత్రమే ఉన్నాయి. కాబట్టి వైబ్రాఫోన్ సోలో వాయిస్తున్నప్పుడు గిటార్ బొటనవేలు అక్కడే ఉండాలి. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జి, మూడో తీగ నాలుగో ఫ్రెట్ మీద బి. మధ్యలో ఏమీ లేని ఈ పదో స్వరపు దూరం చాలు, కార్డ్ మొత్తం తెలిసిపోతుంది, మధ్య స్థాయి వైబ్రాఫోన్‌కి ఖాళీగా మిగులుతుంది. గిటార్ సోలో అందుకున్నాక అడుగు ఎవరిదీ కాదు. వైబ్రాఫోన్ ఎఫ్3 దగ్గర రెండు స్వరాలతో సరిపెట్టుకోవాలి, పెడల్ పొట్టిగా తొక్కాలి, బార్‌ని మధ్యలో కాకుండా తాడుకి దగ్గరగా కొట్టాలి. అక్కడ నాదం సన్నబడి గిటార్‌కి దారి ఇస్తుంది. అన్ని మ్యాలెట్లతో నిండుగా తోడు వాయిస్తే నైలాన్ తీగల గిటార్ మునిగిపోతుంది, మైకు ఎంత పెంచినా తేలదు.

ఈ సమస్యలన్నిటినీ జీవితాంతం వెంటబెట్టుకుని తిరిగినవాడు వైబ్రాఫోన్ కళాకారుడు గ్యారీ బర్టన్. 1960లో పదిహేడేళ్ళ వయసులో తొలి రికార్డింగ్ చేసింది నాష్‌విల్ గిటారిస్టు హాంక్ గార్లండ్‌తో. 1963లో షియరింగ్ బృందం. 1967లో లారీ కోర్యెల్ గిటార్‌తో సొంత బృందం. 1974లో గిటారిస్టు పాట్ మెథీనీ చేరాడు. అదే ఏడాది జూలైలో జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో గిటారిస్టు రాల్ఫ్ టౌనర్‌తో ఇద్దరే కూర్చుని "మ్యాచ్‌బుక్" రికార్డు చేశారు, ఈసీఎం కంపెనీకి. వైబ్రాఫోన్, గిటార్ మాత్రమే ఉన్న రికార్డుల్లో దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. బర్టన్ మోటార్ వాడేవాడు కాదు, నాలుగు మ్యాలెట్లు ఎప్పుడూ చేతిలో ఉండేవి, మ్యాలెట్‌తో అదమడాన్ని ఆయనంత శుభ్రంగా చేసినవాళ్ళు తక్కువ. టౌనర్ వియన్నాలో శాస్త్రీయ గిటార్ నేర్చుకున్నవాడు, పిక్ లేకుండా వేళ్ళతో మీటేవాడు. మీటిన తీగని మరుక్షణం అదే వేలితో ఆపడం ఆ చదువులో భాగం. ఇద్దరికీ ఆపడం వచ్చు. అందుకే కుదిరింది.

టౌనర్ పన్నెండు తీగల గిటార్ కూడా వాయించేవాడు. అందులో కింది నాలుగు జతల్లో ఒక్కో తీగ ఒక స్థాయి పైన శ్రుతి చేసి ఉంటుంది, పై రెండు జతలూ ఒకే శ్రుతి. జత తీగల మధ్య సూక్ష్మమైన తేడా వల్ల నాదం తనంతట తానే మెరుస్తూ కదులుతుంది. పక్కన వైబ్రాఫోన్ మోటార్ కూడా తిరుగుతుంటే ఎలా ఉండేదో ఊహించుకోండి. 1985లో ఇద్దరూ మళ్ళీ కలిసి "స్లైడ్ షో" చేసినప్పుడు బర్టన్ కొన్నిచోట్ల మరింబా పట్టాడు. చెక్క బార్లు, పెడల్ ఉండదు, నాదం వెంటనే చస్తుంది. ఆ రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని వినండి. మోత తగ్గిన చోట గిటార్ ఎంత తెగించి లయ పట్టుకుంటుందో వినిపిస్తుంది.

అంతకు ముందు, 1950లో, రెడ్ నార్వో వైబ్రాఫోన్, టాల్ ఫార్లో గిటార్, చార్ల్స్ మింగస్ బేస్‌తో డ్రమ్స్ లేని ముగ్గురి బృందం ఉండేది. నార్వో కూడా మోటార్ వాడలేదు. బేస్ ఉంది కనుక అది వేరే లెక్క. ఇద్దరి జంట మొదలుపెట్టేవాళ్ళు ముందు దాన్ని వింటే మంచిది.

చివరిగా వేదిక. గిటారిస్టు కూర్చునే చోటు నుంచి మ్యాలెట్ తలలూ పెడల్ మీది పాదమూ రెండూ కనిపించాలి. లయ లేకుండా మొదలయ్యే ఆలాపన లాంటి భాగాల్లో మ్యాలెట్ పైకి లేవడమే సంకేతం. మీటే వేలు కదలిక అవతలివాళ్ళకి కనబడదు కాబట్టి, గిటారే వైబ్రాఫోన్‌ని చూసి కలవాలి. వైబ్రాఫోన్ మైకులు బార్ల మీద అర మీటరు ఎత్తులో రెండు, ఒకటి కింది స్థాయి వైపు, ఒకటి పై స్థాయి వైపు. మరీ దగ్గరగా పెడితే ఒక బార్ గట్టిగా, పక్కది మెల్లగా వినిపిస్తుంది. గిటార్ మైకు వీపు వైబ్రాఫోన్ వైపు ఉండాలి. దీపాల వేడికి నైలాన్ తీగల శ్రుతి జారుతుంది, రెండు పాటలకోసారి సరిచూసుకోవాలి.

కొత్త జంటలకి ఒక అభ్యాసం చెప్పి ముగిస్తాను. తెలిసిన పాట ఒకటి తీసుకోండి. మొదటిసారి వైబ్రాఫోన్ పెడల్ అసలు తొక్కకుండా, ఫెల్ట్ బార్లకి ఆనే ఉండగా వాయించండి. రెండోసారి గిటార్ ప్రతి స్వరాన్నీ పొట్టిగా తెంచుతూ వాయించాలి, పెడల్ మాత్రం మామూలుగా ఉంటుంది. మూడోసారి ఇద్దరూ మామూలుగా వాయిస్తూ రికార్డు చేసుకోండి. వినేటప్పుడు ప్రతి కార్డ్ మలుపు దగ్గరా ఆపి, పాత స్వరం ఏదైనా మిగిలిందా, మిగిలితే అది ఎవరిది అని రాసుకోండి. ఆ కాగితంలో ఒకరి పేరే మళ్ళీ మళ్ళీ వస్తే సరిచేయడం తేలిక. ఇద్దరి పేర్లూ సమానంగా వస్తే నడకని నిమిషానికి ఇరవై దెబ్బలు తగ్గించి మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఇక ప్రశ్నలు అడగండి.