గీత ఉండేది అద్దం మీద, కాగితం మీద కాదు: ఆన్‌లైన్ మీటింగ్‌లో స్క్రీన్ మీద గీయడం

నమస్కారం. మీటింగ్‌లో స్క్రీన్ షేర్ చేసి, ఎక్సెల్ షీట్‌లో ఒక అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారనుకోండి. అందరికీ కనిపించింది. మాట్లాడుతూనే షీట్‌ని రెండు వరసలు జరిపారు. అంకె పైకి పోయింది, సున్నా మాత్రం కదల్లేదు. ఇప్పుడది వేరే అంకెను చుట్టుకుని కూర్చుంది. మీరు చెబుతున్నది ఒక లెక్క, అవతల వాళ్లు రాసుకుంటున్నది ఇంకో లెక్క. స్క్రీన్ మీద గీసేవాళ్లు చేసే తప్పుల్లో చాలావరకు ఈ ఒక్కచోట పుట్టేవే, అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

మీటింగ్ యాప్ మీ ఫైల్‌ని అసలు ముట్టుకోదు. మీ స్క్రీన్ పైన కంటికి కనపడని ఒక అద్దం పలక పరుస్తుంది. మీరు గీసేదంతా ఆ పలక మీదే. కింద స్లయిడ్ మారినా, పేజీ జరిగినా, అక్షరాలు పెద్దవి చేసినా పలకకు ఏమీ తెలియదు. కాబట్టి చేతికి ఒక వరస అలవాటు చేయాలి: కదలకుండా ఆగండి, గీయండి, చెప్పాల్సింది చెప్పండి, చెరపండి, మౌస్‌కి తిరిగి రండి, ఆ తర్వాతే పేజీ జరపండి. చెరపడం మర్చిపోతే పాత గీత కొత్త స్లయిడ్ మీద మిగిలిపోతుంది. మౌస్‌కి రావడం మర్చిపోతే ఇంకో తలనొప్పి: బటన్ నొక్కుదామని క్లిక్ చేస్తే అక్కడ చుక్క పడుతుంది, పేజీ జరుపుదామంటే గీత పడుతుంది. కంప్యూటర్ ఆగిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. అది ఆగలేదు, మీ చేతిలో ఇంకా పెన్ ఉంది, అంతే.

జూమ్‌లో చూద్దాం. షేర్ చేస్తున్న వ్యక్తికి పైన టూల్‌బార్‌లో అనొటేట్, అంటే స్క్రీన్ మీద గీసే, బటన్ ఉంటుంది. నొక్కగానే పరికరాల వరస తెరుచుకుంటుంది: మౌస్, టెక్స్ట్, డ్రా, స్టాంప్, స్పాట్‌లైట్, ఇరేజర్, ఫార్మాట్, అన్‌డూ, క్లియర్, సేవ్. ఇందులో మొదటిదైన మౌస్‌ని ఎవరూ పట్టించుకోరు, కానీ ఎక్కువసార్లు నొక్కాల్సింది దాన్నే. పెన్ కింద పెట్టడం అంటే అదే.

చూస్తున్నవాళ్లకు అనొటేట్ వేరేచోట ఉంటుంది. స్క్రీన్ పైభాగంలో ఎవరి స్క్రీన్ చూస్తున్నారో చెప్పే పట్టీ పక్కన వ్యూ ఆప్షన్స్ ఉంటుంది, దాని లోపల అనొటేట్. ఫోన్‌లో అయితే పెన్సిల్ గుర్తు. ఎంత వెతికినా కనిపించలేదంటే కారణాలు కొన్నే. హోస్ట్, అంటే మీటింగ్ నడిపే వ్యక్తి, మీటింగ్‌లోనే ఇతరులు గీయకుండా ఆపి ఉండొచ్చు. లేదా జూమ్ వెబ్‌సైట్‌లో హోస్ట్ ఖాతా సెట్టింగ్స్‌లో, ఇన్ మీటింగ్ బేసిక్ అనే భాగంలో, అనొటేషన్ స్విచ్చే ఆపి ఉండొచ్చు. ఆ స్విచ్ బూడిద రంగులో ఉండి కదలకపోతే సంస్థ అడ్మిన్ తాళం వేసినట్టు, వాళ్లనే అడగాలి. ఇంకో సంగతి, వెబ్‌సైట్‌లో సెట్టింగ్ మార్చినా నడుస్తున్న మీటింగ్‌కి వెంటనే అంటుకోకపోవచ్చు. మీటింగ్ ముగించి మళ్లీ మొదలుపెట్టండి.

క్లియర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. దాన్ని నొక్కితే మూడు దారులు వస్తాయి: అందరివీ చెరపడం, నావి మాత్రమే చెరపడం, చూసేవాళ్లవి మాత్రమే చెరపడం. పదిమంది తలా ఒక గుర్తు పెట్టిన తర్వాత మీ గీత ఒక్కటే తీయాలనుకుని తొందరలో మొదటిది నొక్కితే అందరి శ్రమా పోతుంది. అందుకే ముందు సేవ్, తర్వాత క్లియర్. సేవ్ చేస్తే ఆ క్షణంలో కనిపిస్తున్నది బొమ్మగానో పీడీఎఫ్‌గానో మీ కంప్యూటర్‌లో దిగుతుంది. ఆ క్షణానిది మాత్రమే సుమా, ముందు స్లయిడ్ మీద గీసి చెరిపేసినవి అందులో రావు.

ఎక్కువమంది ఉన్న మీటింగ్‌లో అందరికీ పెన్ ఇవ్వకండి. ఒకరు గీస్తే అందరూ గీస్తారు, అయిదు సెకన్లలో స్లయిడ్ కనిపించకుండా పోతుంది. మోర్ మెనూలో ఇతరుల అనొటేషన్ ఆపే ఆప్షన్‌తో మొదట మూసి ఉంచి, అభిప్రాయం అడిగేటప్పుడు మాత్రం తెరవండి. అప్పుడు కూడా పెన్ వాడొద్దని, స్టాంప్‌లో టిక్కు గుర్తు ఒక్కటే పెట్టమని ముందే చెప్పండి. స్లయిడ్‌లో నాలుగు గళ్లు గీసి ఉంచితే ఎవరికి నచ్చిన గడిలో వాళ్లు టిక్కు పెడతారు, ఇరవైమంది అభిప్రాయం అర నిమిషంలో తెలిసిపోతుంది. అదే మోర్ మెనూలో గీసినవాళ్ల పేర్లు చూపించే ఆప్షన్ కూడా ఉంది. పేరు కనిపిస్తుందని తెలిస్తే పిచ్చిగీతలు తగ్గుతాయి.

మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో ఒక మెలిక ఉంది. ఒక్క విండో మాత్రమే షేర్ చేస్తే గీసే అవకాశం రాదు. మొత్తం స్క్రీన్ షేర్ చేయాలి, అప్పుడు పైన టూల్‌బార్‌లో పెన్సిల్ గుర్తు దొరుకుతుంది. మీరొక్కరే గీయాలా అందరూ గీయొచ్చా అన్నది అక్కడి సెట్టింగ్స్ చక్రంలో తేల్చుకోవచ్చు. గీసినవి కావాలంటే అనొటేషన్ ఆపకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. గూగుల్ మీట్‌లో ఈ సదుపాయం డబ్బు కట్టే కొన్ని వర్క్‌స్పేస్ ప్లాన్‌లకే ఉంది. షేర్ చేసేవాళ్లు గీయొచ్చు, ఇంకొందరికి ఆ హక్కు ఇవ్వొచ్చు.

ఇక అద్దం మీద కాకుండా నిజంగా కాగితం మీదే గీయాలంటే పవర్‌పాయింట్ ఉంది. స్లయిడ్ షో నడుస్తుండగా కంట్రోల్ పి నొక్కితే పెన్, కంట్రోల్ ఐ నొక్కితే హైలైటర్, కంట్రోల్ ఎల్ నొక్కితే లేజర్ చుక్క, కంట్రోల్ ఎ నొక్కితే మళ్లీ మామూలు బాణం. ఇక్కడ గీసింది ఆ స్లయిడ్‌కే అంటుకుంటుంది. నాలుగు స్లయిడ్లు దాటి వెనక్కి వచ్చినా గీత దాని చోటే ఉంటుంది. షో ముగించేటప్పుడు గీతలు ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది. ఉంచమంటే ఫైల్‌లోనే నిలిచిపోతాయి, అందుకని అసలు ఫైల్ మీద కాకుండా కాపీ మీద నడపండి. స్లయిడ్లతో పాఠం చెప్పేవాళ్లకు మీటింగ్ యాప్ పెన్ కంటే ఇదే మేలు, ఇందులో సందేహం లేదు.

మీటింగ్ యాప్ ఏదైనా ఒకేలా పనిచేసే పరికరం కావాలంటే విండోస్‌లో జూమిట్ ఉంది. పేరు దగ్గరగా ఉన్నా జూమ్ కంపెనీకి దీనితో సంబంధం లేదు. ఇది మైక్రోసాఫ్ట్ వారి సిస్‌ఇంటర్నల్స్ అనే పరికరాల కట్టలోది, ఉచితం, 2025 నుంచి పవర్‌టాయ్స్ అనే వాళ్ల ఇంకో కట్టలో కూడా వస్తోంది. కంట్రోల్ 2 నొక్కితే పెన్ చేతికొస్తుంది. షిఫ్ట్ పట్టుకుని లాగితే తిన్నని గీత, కంట్రోల్ పట్టుకుంటే దీర్ఘచతురస్రపు డబ్బా, ట్యాబ్ పట్టుకుంటే గుండ్రం. ఆర్, జి, బి అక్షరాలు నొక్కితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం. డబ్ల్యూ నొక్కితే స్క్రీన్ తెల్లబోర్డు అవుతుంది, కె నొక్కితే నల్లబోర్డు. బయటికి రావాలంటే ఎస్కేప్. ఎస్కేప్‌తో పెన్ పోవడం, గీతలు పోవడం, మౌస్ తిరిగి రావడం ఒకేసారి జరిగిపోతాయి, కాబట్టి మొదట చెప్పిన రెండు మతిమరుపులకీ ఇందులో చోటు లేదు. రెండు సంగతులు మాత్రం గుర్తుంచుకోవాలి. గీసేంతసేపూ స్క్రీన్ ఫొటోలా నిలిచిపోతుంది, వెనక వీడియో నడుస్తుంటే కదలదు. రెండోది, మొత్తం స్క్రీన్ షేర్ చేస్తేనే గీతలు అవతలికి వెళ్తాయి. ఒక్క విండో షేర్ చేస్తే ఆ విండోలో ఉన్నది మాత్రమే పోతుంది, దాని పైన గీసింది మీకు కనిపిస్తుంది గానీ వాళ్లకు కనిపించదు. మొత్తం స్క్రీన్ అంటే మీకొచ్చే మెసేజ్‌లు కూడా అందరికీ కనిపిస్తాయి, నోటిఫికేషన్లు ముందే ఆపేయండి.

గీత మందం విషయానికి వద్దాం. మీ స్క్రీన్ అడ్డంగా 1920 పిక్సెళ్లు అనుకుందాం. చూసేవాళ్ల చేతిలో ఫోన్ ఉంటే ఆ 1920 పిక్సెళ్లూ దాదాపు 15 సెంటీమీటర్లలోకి కుదించుకుపోతాయి. మీరు 3 పిక్సెళ్ల గీత గీస్తే అక్కడ అది పావు మిల్లీమీటరు కూడా ఉండదు. 10 పిక్సెళ్లు పెడితే ముప్పావు మిల్లీమీటరు, అప్పుడు కంటికి ఆనుతుంది. జూమ్‌లో అయితే ఫార్మాట్‌లో మందం పెంచాకే గీయడం మొదలుపెట్టండి. ఆకుపచ్చ ఒప్పు, ఎరుపు తప్పు అన్నట్టు రంగుతోనే తేడా చెప్పకండి, ఆ రెండు రంగులూ వేరుగా కనిపించనివాళ్లు ఉంటారు. ఒకదానికి డబ్బా కట్టండి, ఇంకోదానికి అడ్డగీత కొట్టండి. లేజర్ చుక్కనీ స్పాట్‌లైట్‌నీ గిరగిరా తిప్పకండి. అవతలికి సెకనుకు వెళ్లే బొమ్మలు (ఫ్రేములు) తక్కువ కాబట్టి వాళ్లకు చుక్క అక్కడక్కడా గెంతినట్టే కనిపిస్తుంది. చూపించాల్సిన చోట పెట్టి, రెండు సెకన్లు కదలకుండా ఉంచండి.

మౌస్‌తో అక్షరాలు రాయడం మానేసి టెక్స్ట్ వాడండి. లెక్కలు, సమీకరణాలు రాసేవాళ్లకు పెన్ ట్యాబ్లెట్, అంటే కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో రాసే పలక, తప్పదు. దాన్ని తగిలించాక రెండు మానిటర్లు ఉంటే ఆ ట్యాబ్లెట్ పలక మొత్తం రెండు స్క్రీన్లకీ పరుచుకుంటుంది, గుండ్రంగా గీసిన సున్నా అడ్డంగా సాగిపోతుంది. దాని డ్రైవర్ (దాన్ని కంప్యూటర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లో ట్యాబ్లెట్‌ని షేర్ చేసే స్క్రీన్ ఒక్కదానికే కేటాయించి, పొడవు వెడల్పుల నిష్పత్తి నిలిపి ఉంచే గడిలో టిక్కు పెట్టండి.

ఇవన్నీ సరిచూసుకోవడానికి, మీటింగ్‌కి పది నిమిషాల ముందు అదే లింకుతో ఫోన్ నుంచి కూడా చేరండి. ఫోన్‌లో ఆడియో కలపకండి, కలిపితే గీ మంటూ ప్రతిధ్వని వస్తుంది. కంప్యూటర్‌లో ఒక సున్నా చుట్టి, ఫోన్ చేతిలోకి తీసుకుని చూడండి: గీత వచ్చిందా, ఎంతసేపటికి వచ్చింది, చుట్టిన అంకె చదవగలుగుతున్నారా. గీత ఆలస్యంగా చేరుతుంటే మీటింగ్‌లో గీసిన ప్రతిసారీ ఆ కాస్తసేపు ఆగి, తర్వాత మాట్లాడండి.