మీకెంత పడింది?

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో మాట్లాడమన్నారు కాబట్టి, ఒకప్పుడు రేడియోనే నమ్ముకుని బతికిన ఇళ్ల సంగతి చెబుతాను. ఆస్ట్రేలియాలో సముద్రతీరం వదిలి లోపలికి పోతే, ఇంటికీ ఇంటికీ మధ్య ముప్పై, నలభై కిలోమీటర్లుండే పశువుల మేత భూములు కనిపిస్తాయి. వాటిని ప్రాపర్టీ అంటారు, బాగా పెద్దవైతే స్టేషన్ అంటారు. నాతో పనిచేసే ఒకావిడ "మా అన్నయ్యవాళ్లు స్టేషన్లో ఉంటారు" అంటే, రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగం కాబోలనుకున్నాను.

బ్రిస్బేన్‌లో ఉన్న రోజుల్లో ఆవిడతో పాటు వాళ్ల పుట్టింటికి వెళ్లి వారం రోజులున్నాను. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో పడమటి వైపు, లాంగ్‌రీచ్ పట్నం నుంచి ఇంకో గంటన్నర కారులో పోవాలి. గేటు కనబడగానే హమ్మయ్య, వచ్చేశాం అనుకుని చెప్పులు వెతుక్కున్నాను. గేటు దగ్గర్నుంచి ఇల్లు పన్నెండు కిలోమీటర్లట!

ఇంట్లో పెద్దాయన, పెద్దావిడ, వాళ్ల కొడుకు, కోడలు, పదకొండేళ్ల మనవరాలు, ఎనిమిదేళ్ల మనవడు. తెల్లవారుజామునే లేచి ఆ పిల్లవాడు చేసే మొదటి పని, తల్లిలేని దూడకు సీసాతో పాలు పట్టడం. బూట్లు వేసుకునే ముందు వాటిని తిరగేసి గట్టిగా దులుపుతాడు, లోపల సాలీడు ఉంటుందేమోనని. మనం చేతులు కడుక్కున్నంత మామూలుగా చేస్తాడు ఆ పని. దూడను చూసి నాకు భలే ఆశ్చర్యం వేసింది. మూపురం, వేలాడే గంగడోలు, పొడుగు చెవులు. అక్కడ బ్రాహ్మన్ జాతి అంటారు. మన ఒంగోలు, గుజరాత్ గిర్ లాంటి జాతుల నుంచి అమెరికావాళ్లు తయారుచేసుకున్న పశువులవి. ఎండకూ గోమార్లకూ తట్టుకుంటాయని 1933లో ఆస్ట్రేలియాకు తెచ్చుకున్నారు. "ఇది మా ఊరి దూడ" అంటే ఆ పిల్లవాడు నమ్మలేదు.

స్నానానికి వెళ్తే నీళ్ల నుంచి కోడిగుడ్డు వాసన. గీజరు లేకుండానే వేడినీళ్లు! దేశంలో అయిదో వంతు నేల కింద పరుచుకున్న భూగర్భ జలాశయం ఒకటుంది, గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అంటారు. అంత లోతు బోరులోంచి వచ్చే నీళ్లు వేడిగానే ఉంటాయి. తాగడానికి మాత్రం ఇంటికప్పు మీద పడిన వాన నీళ్లే. పెద్ద రేకు ట్యాంకుల్లో పట్టుకుంటారు. ఇంటాయన పొద్దున్నే యూట్ వేసుకుని, అంటే వెనక తొట్టి ఉండే బండి, పశువుల నీళ్లతొట్లు చూడ్డానికి పోతాడు. ఒక్క చోట పైపు పగిలినా రెండు రోజుల్లో మంద చచ్చిపోతుంది. అందుకని పెళ్లయినా, పండగైనా ఆ పని మాత్రం ఆగదు. పదిగంటలకు టీ విరామం. దాన్ని స్మోకో అంటారు. చుట్ట, బీడీ ఏమీ లేదు, కేకు ముక్క, టీ.

ఇక బడి. వరండాలో ఒక మూల గది, రెండు బల్లలు, గోడకు ప్రపంచపటం, కంప్యూటరు. టీచరు పట్నంలో, పిల్లలు ఎవరిళ్లలో వాళ్లు. ఇప్పుడు ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంది, ముఖాలు కనబడతాయి. తెర మీద పాఠం అయ్యాక దగ్గర కూర్చోబెట్టి చదివించేది తల్లే. ఎడమ చేతిలో ఎక్కాల పుస్తకం, కుడి చేత్తో పొయ్యి మీద గరిటె.

ఇలాంటి బడి 1951లో దేశం నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో రేడియో మీద మొదలైంది. స్కూల్ ఆఫ్ ది ఎయిర్, గాలిలో బడి అన్నమాట. ఆ రేడియో అసలు పెట్టింది చదువు కోసం కాదు, వైద్యం కోసం. జాన్ ఫ్లిన్ అనే మతాచార్యుడి పట్టుదలతో 1928లో క్లాన్‌కరీ అనే ఊరి నుంచి డాక్టరు విమానంలో దూరపు ఇళ్ల రోగుల్ని చూడ్డానికి బయల్దేరాడు. కానీ జబ్బు చేసిందని డాక్టరుకు చెప్పేదెలా? కరెంటు లేదు, ఫోను లేదు. ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అనే అడిలైడ్ ఇంజనీరు కాళ్లతో తొక్కితే పనిచేసే రేడియో తయారుచేశాడు. కుట్టుమిషను తొక్కినట్టు తొక్కుతూ కబురు పంపేవాళ్లు.

పెద్దాయన మందులపెట్టె తెరిచి చూపించాడు. ప్రతి మందుకీ ఒక నెంబరు. పేరు నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, ఫోనులో డాక్టరు ఫలానా నెంబరు మాత్ర ఇవ్వమంటాడు. దీని మీద ఒక పాత జోకుంది. డాక్టరు తొమ్మిదో నెంబరు వెయ్యమన్నాడట. అది అయిపోయింది. ఇంటావిడ అయిదో నెంబరు ఒకటి, నాలుగో నెంబరు ఒకటి కలిపి వేసిందట!

రేడియో పనులు అయ్యాక కాసేపు ఆడవాళ్ల కబుర్లకు వదిలేసేవారు. దానికి గలా సెషన్ అని పేరు. గలా అంటే గులాబీ, బూడిద రంగు చిలుక. గుంపుగా వాలి ఒకటే గోల చేస్తుంది. పేరు పెట్టింది మగవాళ్లే అయ్యుంటారని నా అనుమానం. పెద్దావిడ మాత్రం ఆ మాట నవ్వుతూనే చెప్పింది. నెలల తరబడి మరో ఆడమనిషి ముఖం చూడని రోజుల్లో ఆ గొంతులే ఆమెకు ఊరు. ఆమె కొడుకూ రేడియో మీదే చదువుకున్నాడు. మొదటిసారి ఆటల పోటీలకని పిల్లలందరినీ పట్నంలో ఒకచోట చేర్చినప్పుడు, ముఖాలు చూసి ఎవర్నీ పోల్చుకోలేకపోయారట. ఒకడు నోరు విప్పగానే ఇంకొకడు "ఓ, నువ్వా!" అని అరిచాడట.

వచ్చే జనవరికి మనవరాలు హాస్టలుకు వెళ్తుంది. హైస్కూలు కావాలంటే అదే దారి. ఇనప్పెట్టె అప్పుడే మంచం కింద ఉంది. కోడలు దాని గురించి మాట్లాడలేదు. ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా తలుపు దగ్గరికి లాగి పోవడం మాత్రం చూశాను.

వాతావరణశాఖకు వాన లెక్క పంపే ఇళ్లలో వాళ్లది ఒకటి. పెరట్లో కొలపాత్ర ఉంది. రోజూ ఉదయం తొమ్మిదింటికి చూసి రాయాలి. పెద్దావిడ నోటు పుస్తకం తిరగేశాను. సున్నా, సున్నా, సున్నా. పేజీలకు పేజీలు ముత్యాల్లాంటి సున్నాలు. మధ్యలో ఒకచోట 3, పక్కన చిన్న పువ్వు బొమ్మ.

నేను బయల్దేరే ముందు రాత్రి రేకుల మీద దడదడమని చప్పుడు. అందరం లేచి వరండాలో నిలబడ్డాం. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడినా వినబడేది కాదు. తెల్లారకముందే ఆగిపోయింది. తొమ్మిది దాకా ఆగలేక పెద్దావిడ టార్చిలైటు తీసుకుని పెరట్లోకి పోయింది, వెనకే నేను. పాత్రలో 22 మిల్లీమీటర్లు. అంతలో ఫోను మోగింది. పక్కింటావిడ, అంటే ముప్పై అయిదు కిలోమీటర్ల అవతలి ఆవిడ. హలో లేదు, ఏమీ లేదు. "మీకెంత పడింది?"

"మీకో?" అంది పెద్దావిడ.

నాలుగట.

పెద్దావిడ ఒక క్షణం ఆగింది. "మాకూ పెద్దగా ఏం లేదులే. పది దాకా ఉంటుందేమో" అంది.

తొమ్మిదింటికి కళ్లజోడు పెట్టుకుని, పుస్తకంలో 22 అని రాసింది.